ఖుర్దాద్ 1348: తాత కాగితాలను చదివించుకున్న నా అనుభవం

మా తాత ఆజంజాహీ మిల్లులో నేత ఖాతాలో పనిచేశాడు. 1934లో మొదలై, చుట్టుపక్కల పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలను వరంగల్‌కు రప్పించిన ఆ మిల్లు ఇప్పుడు లేదు. మా ఇంట్లో దాని గుర్తుగా మిగిలింది ఒక రేకు పెట్టె, అందులో పదకొండు ఉర్దూ కాగితాలు. బాపు పోయిన తర్వాత ఆ పెట్టెను అటక మీది నుంచి దించినప్పుడు, వాటిని చదివించి, ఏ కాగితం ఊళ్లో ఏ చోటికి సంబంధించిందో రాసిపెట్టాలని నిశ్చయించుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది.

మొదటి వారంలోనే తప్పు చేశాను. చిరుగుతున్న కాగితం ఒకదానికి లామినేషన్ చేయించాను. ఆ వేడికి సిరా వెలిసిపోయింది, అంటుకున్న ప్లాస్టిక్‌ను ఇక విడదీయడానికి వీలు లేకపోయింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. మిగిలిన పదింటిని మెత్తని కుంచెతో దులిపి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర రెండు వైపులా ఫోటోలు తీసి, నూలు గుడ్డలో చుట్టి పెట్టాను. వెనుక వైపు కూడా తీయడం మంచిదైంది. ముద్రలూ చిన్న చిన్న రాతలూ అక్కడే ఉన్నాయి.

అచ్చు ఉర్దూ చదవగలిగిన పిల్లలు ఆ గొలుసుకట్టు రాతను చదవలేకపోయారు. చివరికి మండీబజార్‌లో ఒక పెద్దాయన దొరికారు. ఒకప్పుడు రెవెన్యూ దఫ్తరులో పనిచేసి, పహాణీలు రాసిన చేయి ఆయనది. నేను చాచా అనేదాన్ని. ఒక కాగితం మీద 'ఖుర్దాద్ 1348 ఫస్లీ' అని ఉంటే, ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని విన్న మాట పట్టుకుని 1938 అని రాసుకున్నాను. చాచా నా నోటుబుక్కు చూసి ఆపారు.

"ఆజూర్‌తోని మొదలువెట్టి లెక్కవెట్టు బిడ్డా. ఖుర్దాద్ అంటె ఎండలు ముదిరే నెల."

నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది కనుక, జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. ఖుర్దాద్ ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. అంటే ఆ కాగితం 1939 నాటిది. హనుమకొండ వేయి స్తంభాల గుడిలోని కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనానికీ ఇదే చిక్కు ఉంది. శక సంవత్సరం 1084కు 78 కలిపితే 1162 వస్తుంది గానీ, అందులో చెప్పిన చిత్రభాను నామ సంవత్సర మాఘ శుద్ధ త్రయోదశి 1163 జనవరిలో పడుతుంది. నెలను వదిలి సంవత్సరాన్ని మాత్రమే లెక్కవేస్తే ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాయికైనా, తాత నాటి కాగితానికైనా ఒక ఏడాది తప్పుతుంది.

అదే కాగితం వెనుక తాత చిరునామా ఉంది: 'రాతిబావి పక్క ఇల్లు'. ఆ బావి ఎక్కడో తేల్చడానికి పాత ఇంటి పన్ను రిజిస్టర్లు చూడాలనుకుని ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్లాను. వానకు తడిసిపోతే పారేశామని నాలుగోసారి చెప్పారు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను, ఎందుకంటే తడిసిన రిజిస్టరును గాలికి ఆరబెట్టి, పేజీల మధ్య శుభ్రమైన కాగితాలు పెడితే ఎంతో కొంత దక్కేది.

బావి జాడ చెప్పింది మా పాత గల్లీలోని ముగ్గురు అవ్వలు. విడివిడిగా అడిగినా ముగ్గురూ ఒకే చోటు చూపించారు. ఇప్పుడు దాని మీద నీళ్ల ట్యాంకు ఉంది, గట్టు రాళ్లు రెండు పక్కింటి మెట్లుగా మారాయి. ఆ రాళ్లను కొలిచి, ఫోటో తీసి, అవ్వల మాటలను వాళ్ల అనుమతితో ఫోనులో రికార్డు చేశాను.

గల్లీ పటం గీసి, బావి ఉన్న చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఖుర్దాద్ 1348, ఏప్రిల్ 1939 ప్రాంతం' అని రాశాను. మూడు ప్రతులు తీయించి, ఒకటి మా ఇంట్లో ఉంచి, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి చాచాకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తెలుగులో ఉన్న నా రాత పక్కనే ఆ తేదీని తన చేతితో ఉర్దూలో మళ్లీ రాశారు.