బైచుంగ్ భూటియా ఫుట్‌బాల్ జీవితం రాసిన నా అనుభవం

ఒక క్రీడా పత్రిక కోసం బైచుంగ్ భూటియా ఫుట్‌బాల్ జీవితాన్ని తెలుగులో రాసే పని పెట్టుకున్నాను. సిక్కింలోని టింకితాంలో 1976 డిసెంబరు 15న పుట్టడం, గ్యాంగ్‌టక్‌లోని తాషీ నామ్‌గ్యాల్ అకాడమీలో చదవడం, 1993లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరడం, ఆ తర్వాత పంజాబ్ క్లబ్ జేసీటీకి వెళ్లి 1996-97లో తొలి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ టైటిల్ గెలవడం వంటి ఘట్టాల్లో పెద్దగా తగువు లేదు కాబట్టి వాటిని త్వరగానే రాసేశాను. సమయమంతా తీసుకున్నది ఇంగ్లండ్‌లో గడిచిన కాలమే. భారత ఫుట్‌బాల్ అభిమానులు అతన్ని తలుచుకోగానే మొదట చెప్పేది ఆ సంగతే అయినా, అందరూ ఒక్క వాక్యంతో ముగించేది కూడా దాన్నే.

ముందుగా ‘యూరప్‌లో ఆడిన తొలి భారతీయుడు’ అన్న మాట దగ్గరే ఆగాను. కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం 1936లోనే స్కాట్లాండ్ వెళ్లి, బూట్లు వేసుకోకుండా పాదాలకు పట్టీలు చుట్టుకుని సెల్టిక్ జట్టు తరఫున బరిలోకి దిగాడు. ఇంటి మీద బెంగతో అతను త్వరలోనే తిరిగి వచ్చేశాడు. అతన్ని మరిచిపోయి భూటియాకు ఘనత కట్టబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే యూరప్ క్లబ్‌తో ఒప్పందం మీద సంతకం చేసిన తొలి భారత ఆటగాడు భూటియా అని రాసి, ఆ వెంటనే సలీం గురించి ఒక పేరా చేర్చాను.

తర్వాతది లీగ్ స్థాయి సంగతి. ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్, ఆస్టన్ విల్లా క్లబ్‌లలో ట్రయల్స్‌కు హాజరైన తర్వాత 1999 సెప్టెంబరు 30న భూటియా ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్‌లో చేరాడు. అప్పట్లో బరీ ఆడుతున్న సెకండ్ డివిజన్ పేరుకు రెండోదే అయినా, ప్రీమియర్ లీగ్, ఫస్ట్ డివిజన్‌ల తర్వాత వచ్చేది కాబట్టి నిజానికి మూడో అంచె. ఈ తేడా చెప్పకపోతే పాఠకుడు అతను ప్రీమియర్ లీగ్‌కు ఒక్క మెట్టు దూరంలో ఆడాడని అనుకుంటాడు. మూడో అంచె అని చెప్పినంత మాత్రాన అతని స్థాయి తగ్గదనీ, మన దేశంలోని లీగ్‌ల నుంచి అక్కడికి వెళ్లడానికి దారే లేని రోజుల్లో అతను వెళ్లి నిలబడ్డాడనీ నా నమ్మకం.

గోల్స్ లెక్క ఎలా రాయాలన్నది అన్నిటికంటే కష్టమైంది. బరీ తరఫున లీగ్‌లో 37 మ్యాచ్‌లు, 3 గోల్స్. ఒక స్ట్రైకర్ గురించి ఈ అంకెలు మాత్రమే రాస్తే చదివేవారు పెదవి విరుస్తారు. ఒక పొడవాటి కాగితం మీద ఎడమవైపు తేదీలు, మధ్యలో ప్రత్యర్థులు, కుడివైపు క్లబ్ పరిస్థితి రాసుకుంటూ వెళ్లాక చిత్రం కాస్త తేటపడింది. 1999 అక్టోబరు 3న కార్డిఫ్ సిటీపై తొలి మ్యాచ్. ఆ డిసెంబరులోనే మేనేజర్ నీల్ వార్నాక్ నిష్క్రమణ. 2000 ఏప్రిల్ 15న చెస్టర్‌ఫీల్డ్‌పై తొలి గోల్. 2002 వసంతానికి ఎదురుగా కుడివైపు గడిలో అప్పులు, దివాలా ప్రక్రియ, కింది డివిజన్‌కు జారిపోవడం అని మూడు మాటలూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. అతను బరీని వదిలింది కూడా ఆ ఏడాదే.

అదే కాగితం పైభాగంలో 1997 జులై 13 అన్న తేదీ ఉంది. కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బగాన్‌ను ఓడించిన రోజు అది. అందులో భూటియా హ్యాట్రిక్ సాధించాడు, చూసినవారు 1,31,000 మంది. అంతటి జనం ముందు ఆడిన మనిషి, రెండేళ్ల తర్వాత సుమారు 12 వేల మంది మాత్రమే పట్టే బరీ సొంత మైదానం గిగ్ లేన్‌లో చోటు కోసం పోటీ పడ్డాడు. ఈ రెండు మైదానాలనూ ఒకే పేరాలో పెట్టిన తర్వాతే నా వ్యాసానికి నడక దొరికింది.

జాతీయ జట్టు లెక్కల్లోనూ పేచీ ఉంది. కొన్ని పట్టికల్లో అతని మ్యాచ్‌లు 100 దాటితే, మరికొన్నిటిలో 80 పైచిలుకే కనిపిస్తాయి, ఎందుకంటే ఏ మ్యాచ్‌ను పూర్తి స్థాయి అంతర్జాతీయ మ్యాచ్‌గా లెక్కించాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. నేను రెండు లెక్కలనూ ఇచ్చి, కారణం చెప్పి, ముందుకు సాగాను.

తిరిగి వచ్చాక సాగిన ఆటకు ఎక్కువ చోటు కేటాయించాను. 2003లో జకార్తాలో ఈస్ట్ బెంగాల్ ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల) క్లబ్ టైటిల్ గెలిచినప్పుడు 9 గోల్స్‌తో అతనే టాప్ స్కోరర్. 2008లో ఢిల్లీలో తజికిస్తాన్‌పై 4-1 విజయంతో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ భారత్‌కు దక్కింది. ఆ గెలుపు వల్లే భారత్ 2011 ఆసియా కప్‌కు వెళ్లింది. తీరా ఆ కప్ జరిగిన దోహాలో గాయంతో అతను కొద్ది నిమిషాలే ఆడగలిగాడు. ఆ భాగం రాస్తున్నప్పుడు నిజంగానే బాధ కలిగింది. 2012 జనవరి 10న బయర్న్ మ్యూనిక్‌తో జరిగిన వీడ్కోలు మ్యాచ్‌ను, భారత్ 0-4తో ఓడిపోయినా, అందుకే కాస్త వివరంగా రాశాను.

నిడివి తగ్గించమని పత్రికవారు అడిగినప్పుడు, 2009లో అతను టెలివిజన్ నాట్య పోటీ గెలిచిన సంగతినీ, ఎన్నికల పోటీల్లో కొంత భాగాన్నీ తీసేశాను. అయితే 2022లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీచేసి 1-33 ఓట్లతో ఓడిపోయిన విషయం తీయలేదు, ఎందుకంటే అది ఆటకు సంబంధించిన సంగతే. బరీ గురించిన పేరాల్లో ఒక్క వాక్యం కూడా వదులుకోలేదు.