రాయచూరు రైల్లో కృష్ణ దాకా

కాచిగూడ నుంచి రాయచూరు పోయే డెము రైలు మహబూబ్‌నగర్ దాటి దేవరకద్ర చేరాక గద్వాల లైనును వదిలేసి నైరుతి వైపు తిరుగుతుంది. జక్లేర్, మక్తల్, మాగనూరు, ఆఖరికి కృష్ణ. కృష్ణ అంటే ఇక్కడ నది ఒక్కటే కాదు, ఊరు, మండలం, రైల్వే స్టేషన్ కూడా. అక్కడ వంతెన దాటితే కర్ణాటక. జక్లేర్–కృష్ణ మధ్య 37 కిలోమీటర్ల కొత్త లైను 2023 అక్టోబర్ 1న మొదలైంది. ఈ రైలుకు జెండా ఊపింది కూడా ఆ రోజే. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ, మరాఠీ ఒకే బోగీలో వినాలంటే ఇది ఎక్కమని మా క్లాస్‌మేట్ చెప్పింది. ఆ మాట చాలు నాకు, పరీక్షలు అయిపోగానే బయల్దేరడానికి.

మాది నల్లగొండ. హైదరాబాద్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. చిన్నప్పుడు దేవరకొండ బస్సులో లంబాడీ ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే దిగాల్సిన స్టేజీ వచ్చినా వింటూ కూచునేదాన్ని, నాన్న రెక్క పట్టి దింపేవాడు. ఇప్పుడు సాయంత్రాలు జర్మన్ క్లాసుకు పోతున్నా. "విదేశీ భాష వస్తే కంపెనీల్లో మంచి జీతం" అని కాలేజీలో చెప్పారు, నాన్న నమ్మాడు. అబద్ధం కాదు, మా సీనియర్లు ఇద్దరు ముగ్గురు అట్లాగే సెటిలయ్యారు. కాకపోతే వాళ్ల పనిలో హెడ్‌ఫోన్లు తప్ప ఊళ్లు లేవు. భాషా కావాలి, తిరుగుడూ కావాలి అంటే ఏ ఉద్యోగం చూసుకోవాలో నాకు చెప్పినవాళ్లు లేరు.

మహబూబ్‌నగర్‌లో చిన్నమ్మ ఇంట్లో దిగాను. కురువపురం కూడా పోతానని చెప్పగానే "దత్తస్వామి దగ్గరికైతె నేనూ వస్త" అని ఆమె సంచి సర్దేసింది. ఆ పని కాగానే బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. లోపల మడతల దగ్గర చిరిగిపోయి, వెనక పల్చటి గుడ్డ అంటించిన కాగితం.

"భాషలు సదువుతున్నవు కద బిడ్డా, గిది సదువు."

అది సేత్వార్ నకలు. నిజాం కాలంలో భూములు సర్వే చేసి సెటిల్‌మెంట్ చేసినప్పుడు ఊరూరికీ తయారుచేసిన మూల రికార్డు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పట్టాదారు పేరు అన్నీ ఉంటాయి, ఉర్దూలో. ఇప్పటికీ భూమి తగాదా వస్తే వకీళ్లు వెనక్కి వెనక్కి పోయి చివరికి దీని దగ్గరే ఆగుతారు. నాకు ఉర్దూ మాట్లాడటం వస్తుంది. నల్లగొండలో మా గల్లీలో పెరిగినవాళ్లెవరికైనా వస్తుంది. లిపి మాత్రం రాదు. ఆ సంగతి చెబితే చిన్నమ్మ కాగితం మళ్లీ మడతపెడుతూ, "మనింట్ల జర్మనోళ్ల కాగితాలైతె ఏం లేవు మరి" అంది.

పొద్దున్నే రెండు గల్లీల అవతల ఉండే రిటైర్డ్ ఉర్దూ టీచర్ ఇంటికి తీసుకుపోయింది. ఆయన కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పేపర్‌వెయిట్లు పెట్టి, భూతద్దం పట్టుకుని కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. రాసినవాడు కలం ఎత్తకుండా రాసుకుపోయాడు, చుక్కలు సగం పెట్టలేదు. ఒక పేరు దగ్గర ఆగి, చిన్నమ్మను వాళ్ల మామగారి తండ్రి పేరు, ఆయన తమ్ముడి పేరు అడిగి, రెండూ లోపల అనుకుని చూసి, తమ్ముడి పేరు దగ్గర తలూపాడు. అంటే అక్షరాలు వస్తే సరిపోదు, ఊళ్లో పేర్లు ఎట్లా ఉంటాయో కూడా తెలియాలి. మొత్తం చదివి చెప్పాక చిన్నమ్మ దాన్నే తెలుగులో రాసి సంతకం పెట్టమని అడిగింది.

"చదివి చెప్త బెహన్. సంతకం మాత్రం పెట్ట. రేపు కోర్టుల నన్ను నిలబెడ్తరు. అంత ఓపిక లేదు."

తెలంగాణలో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది 2017లో. కానీ ఆ గదిలో మాకు కావలసింది అధికార భాష కాదు, పాత చేతిరాత చదివి "ఇది నా అనువాదం, దీనికి నాదే పూచీ" అని కింద సంతకం పెట్టే మనిషి. కెరీర్ గైడెన్స్ క్లాసులో చూపించే స్లైడ్లలో ఇట్లాంటి పని నాకెప్పుడూ కనపడలేదు.

రైల్లో జనం బాగానే ఉన్నారు. దేవరకద్ర దాకా తెలుగు, దక్కనీ. మా ఎదురు సీటులో పుణె నుంచి ఊరికి వచ్చి పోతున్న ఒక మేస్త్రీ ఫోనులో సెంట్రింగ్ కర్రల లెక్క మరాఠీలో చెప్పి, ఫోను పెట్టి, భార్యతో తెలుగులో గొడవపడి, మక్తల్‌లో ఎక్కిన చుట్టంతో కన్నడ అందుకున్నాడు. ఎక్కడా తడుముకోలేదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, అపార్ట్‌మెంట్లు, ఎక్కడ పని ఉంటే అక్కడికి వలస పోయినవాళ్లు. వాళ్లకు వచ్చిన భాషలన్నీ ఆకలి నేర్పినవే. దాన్ని చూసి మురిసిపోవడం నాకు చేతకాదు. కానీ నాకు మూడు భాషలు వస్తే బయోడేటాలో రాసుకుంటాను. మూడూ తడుముకోకుండా మాట్లాడే ఈయనకు బయోడేటా అడిగే ఉద్యోగమే లేదు. రైలు దిగేదాకా నాకు అదే ఆలోచన.

మక్తల్‌లో దిగి ముందు నారాయణపేట పోయాం, చిన్నమ్మకు చీర కావాలి కాబట్టి. 2019 ఫిబ్రవరిలో జిల్లా అయిన ఊరు. ఇక్కడి చేనేతను శివాజీ దండుతో వచ్చి ఆగిపోయిన నేతగాళ్లతో మొదలుపెట్టి చెబుతారు. కథ సంగతి ఎట్లా ఉన్నా, మేం పోయిన ఇంట్లో మరాఠీ నిజం. పెద్దామె మనవడిని మరాఠీలో తిడుతూ, భర్తకు తెలుగులో నూలు అందిస్తూ, చీరలు తీసుకుపోవడానికి వచ్చిన షావుకారుతో కన్నడలో బేరం ఆడుతోంది. మగ్గం మీద ఒకే పడుగు, దాని మీదే వరసగా ఎనిమిది చీరలు నేస్తారు. గళ్ల చీర, ఎర్రంచు. అంచు తిరిగే చోట ఆయన చెయ్యి ఆగి ఒక్క పోగు సరిచేసి పేక నూలు అటూ ఇటూ తీసుకుపోయే నాడెను మళ్లీ విసిరింది. నేను నోట్‌బుక్ తీసి మగ్గంలో ఒక్కో భాగం చూపిస్తూ అడుగుతుంటే పెద్దామె చాలాసేపు ఓపిక పట్టి, "ఇవన్ని అడిగితె నీకు జీతమిస్తరా?" అంది.

ఇచ్చినవాళ్లు ఉన్నారని చెప్పాను. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన మాండలిక వృత్తి పదకోశాల్లో వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఊళ్లలో రైతులనూ నేతగాళ్లనూ అడిగి అడిగి చేసిన పని. లైబ్రరీలో ఆ చేనేత సంపుటం తిరగేసినప్పుడే, భాషా ప్రయాణమూ ఒకే కొలువులో ఇమడొచ్చని నాకు మొదటిసారి తట్టింది. ఆమెకు ఇదంతా చెబితే, "అట్లయితె రాస్కో" అని నూలు చుట్టే ఆసు ముందు పెట్టుకుని కూచుంది. తర్వాత అడగకపోయినా చెప్పింది. చీర ధర మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.

మరునాడు మక్తల్ నుంచి ఆటోలో పంచదేవ్ పహాడ్. అక్కడ కృష్ణ ఒడ్డున పుట్టి ఎక్కితే కురువపురం. నది మధ్య లంక, రాయచూరు జిల్లాది. దత్తాత్రేయుడి అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభులు ఉన్న చోటు కాబట్టి మహారాష్ట్ర నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. ఒడ్డున చెప్పులు విడిచే చోట వినిపించేది ఎక్కువగా మరాఠీనే.

పుట్టి అంటే గుండ్రటి బుట్ట. వెదురుతో అల్లి, అడుగున నీళ్లు రాకుండా పట్టా బిగించి తారు పూస్తారు. ముందు భాగం, వెనక భాగం అని ఉండదు. పుట్టి నడిపే కాకా ఒక వైపు మోకాళ్ల మీద కూచుని ఒంటి తెడ్డుతో నీళ్లను తన వైపు లాక్కుంటాడు, పుట్టి కొంచెం కొంచెం తిరుగుతూనే ముందుకు పోతుంది. బరువు సరిగ్గా పంచితేనే నిలుస్తుంది. అందుకని ఎవరెక్కడ కూచోవాలో ఆయనే చెబుతాడు. పుణె నుంచి వచ్చిన కుటుంబాన్ని చూసి "బసా, బసా, హలూ నకా". రాయచూరు వైపు ముసలాయనకు "కుందర్రి". లేచి నిలబడి ఫొటో తీయబోయిన నన్ను చూసి మాత్రం "ఓ అమ్మా, కూసో, నీతోటి అందరం మునుగుతం". ముఖం చూడగానే భాష మారిపోతోంది.

"మరాఠీ ఎక్కడ నేర్చుకున్నవు కాకా?"

"నేర్సుకునుడేంది? వాళ్లొస్తరు, మాట్లాడ్తరు. అర్థం గాకుంటె పైసలు యాడికెల్లి వస్తయ్?"

లంకలో గుడి, పెద్ద మర్రి, దత్త భక్తుడైన సన్యాసి టెంబే స్వామి తపస్సు చేసిన గుహ. చిన్నమ్మ పారాయణ జరిగే చోట కూచుండిపోయింది. చుట్టూ ఆడవాళ్లు మరాఠీ గురుచరిత్ర చదువుతున్నారు. శ్రీపాదులు పుట్టింది పిఠాపురంలో, తెలుగు నేల మీద. ఉన్నది కన్నడం మాట్లాడే ఈ లంకలో. చరిత్ర రాసింది మరాఠీలో, రాసిన సరస్వతీ గంగాధరుడి ఇంటి భాష కన్నడమని చెబుతారు. ఇదంతా తెలిసిన మార్గదర్శి ఒకరుంటే ఇక్కడికొచ్చే తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు ఎవరికి వాళ్లు వేరు వేరు కథలు విని పోనవసరం లేదు. గైడ్ అవుదామా అని అక్కడ కొంతసేపు గట్టిగానే అనుకున్నాను.

తిరుగు దారిలో ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఆటో ఆపించాను. పొలాల మధ్య మనిషిని మించి రెట్టింపు ఎత్తున నిలబెట్టిన బండలు, మూడు వేల ఏళ్లకు పైబడినవి. ఒక రాతి మీద సప్తర్షి మండలం ఆకారంలో తొలిచిన గుంటలు ఉన్నాయని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకుడు కె.పి. రావు గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. చిన్నమ్మ ఒక రాయికి దండం పెట్టుకుంది. ఎండ దంచుతోంది, ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

నా ఆలోచన తేలింది మాత్రం కృష్ణలో, స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న ఒక కిరాణా కొట్టు దగ్గర. రైలుకు టైం ఉందని నీళ్ల బాటిల్ కొనుక్కుని అరుగు మీద కూచున్నాం. గల్లా మీద పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఉద్దెర తీసుకుపోయేవాళ్లతో చక్కటి తెలుగు మాట్లాడుతోంది. ఖాతా పుస్తకంలోకి తొంగిచూస్తే, కంది పప్పు, పల్లి నూనె, పాత బాకీ, అన్నీ తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు కాబట్టి నేను చాలా వరకు చదవగలిగాను. ఈ మండలంలో సర్కారు బడుల్లో కన్నడ మీడియం ఉంది. ఆమె పదో తరగతి దాకా అందులోనే చదివింది. ఇంటర్‌కు మక్తల్ పంపితే బోర్డు మీది తెలుగు రాసుకునేసరికి సారు చెరిపేసేవాడట. ఇంగ్లిష్ పుస్తకం చూస్తే మరీ భయం. నెల తిరక్కుండా మానేసింది.

"తెలుగు రాదా అంటె వస్తదక్కా. నా నోట్లకెల్లి వస్తది, పెన్నులకెల్లి రాదు" అని నవ్వింది. నేను నా నోట్‌బుక్‌లో రెండు వరసలుగా అక్షరాలు రాశాను, కన్నడం పక్కన తెలుగు. తలకట్టు ఎక్కడ మారుతుందో చూపించాను. రైలు కూత వినపడేసరికి ఆమె నాకన్నా ముందే ఒత్తుల దాకా వచ్చేసింది. "ఇది బడిలనే ఎవలన్న చెప్పుంటె అయిపోవు కద" అంది. పది నిమిషాల్లో ఇంటర్ పాసవుతుందని కాదు నేననేది. కన్నడ మీడియం నుంచి బయటికొచ్చే పిల్లల కోసం ఒక పల్చటి పుస్తకం, దాన్ని చెప్పే ఒక మనిషి ఉంటే మొదటి నెల గడిచేది.

సీట్లో కూచున్నాక చిన్నమ్మతో చెప్పాను, ఎం.ఏ. భాషాశాస్త్రం చేస్తానని. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలు కలిపి ఒకే కేంద్రం ఉంది, ఉస్మానియాలో భాషాశాస్త్ర విభాగం ఉంది. మైసూరులో 1969 నుంచి కేంద్ర భాషా సంస్థ ఉంది. సరిహద్దు పిల్లలకు పాఠాలు తయారుచేయడం అట్లాంటి చోట్ల నేర్చుకోగల పని. ఉర్దూ లిపి పక్కన పెట్టి నేర్చుకుంటాను, సంతకం పెట్టగలిగేంత.

"జీతమెంతొస్తది?" అంది చిన్నమ్మ.

మొదట్లో తక్కువే అన్నాను. ఆమె కాసేపు లెక్కలు వేసుకుని, మీ నాయనకు నేను చెప్తలే, ముందు ఉర్దూ నేర్సుకో, కేసు వాయిదా ఎండకాలంల ఉంది అంది. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఎంట్రన్స్‌కు అప్లై చేశాను, సాయంత్రాలు అలీఫ్, బే దిద్దుతున్నాను. జర్మన్ పరీక్ష కూడా రాస్తాను, ఫీజు ముందే కట్టేశాం కాబట్టి.