నిన్న ఏం తిన్నారు?

మాది పర్లాకిమిడి. ఒడిశా మ్యాపులో పర్లాఖెముండి అని ఉంటుంది, గజపతి జిల్లా, ఆంధ్రాలోని పాతపట్నం కూతవేటు దూరం. తెలుగూ ఒడియా రెండూ వచ్చని కొన్నేళ్ళ కిందట నన్నో ఆహార సర్వేలోకి తీసుకున్నారు, మూడు నెలల పని. ఇంటింటికీ వెళ్ళి, గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఏం తిన్నారో ఎంత తిన్నారో రాసుకోవాలి. సంచీలో కొలత గిన్నెలు, గరిటెలు, చెంచాలు. ఇంత తేలిక పనికి డబ్బులు కూడా ఇస్తారా అనుకుంటూ వెళ్ళాను.

మొదటి ఇంట్లోనే ఒక మామ్మ నా గాలి తీసేసింది. "నిన్నేటి తిన్నావు మామ్మా?" అంటే "ఏటి తింటాను నాయినా, అన్నమే" అంది. అన్నంలోకి? "ఏదో నంజుకున్నాను." పొద్దున్న? "పొద్దున్న ఏటీ తిన్లేదు." అరగంట కూచున్నాక తెలిసిందేమిటంటే పొద్దున్నే పెద్ద గిన్నెడు చోడంబలి (రాగి అంబలి) తాగింది, అందులోకి ఉల్లిపాయ, కాల్చిన ఎండు చేప. అంబలిని ఆవిడ 'తినడం' కింద లెక్కేసుకోదు, తాగింది కదా! తప్పు నాదే, ప్రశ్న అలా అడిగాను.

ఇంకా చిత్రం, ఆ ఫారంలో అంబలికి గడే లేదు. చపాతీ ఉంది, బ్రెడ్డు ఉంది, కార్న్‌ఫ్లేక్స్ కూడా ఉంది. మా జిల్లాలో చోళ్ళు ఎవరికి తెలియవు, 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ పెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లోనే గజపతి ఉంది, అయినా ఊరి సగం తిండిని నేను 'ఇతరములు' అన్న గడిలో కుక్కాల్సి వచ్చింది. సూపర్‌వైజర్‌కి చెప్తే ఫారం మారదన్నాడు.

ఉప్పు సంగతి మరీను. రోజుకి 5 గ్రాముల లోపు చాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. మా ఇళ్ళలో చద్దన్నంలో గుప్పెట్లో తీసి వేసిందెంత, ఎండు చేపతో వచ్చిందెంత, ఆవకాయలోదెంత అని ఎవర్ని అడుగుతాం? అందుకే ఉప్పు లెక్క గట్టిగా తేల్చాలనుకున్న చోట నోటి మాట నమ్మరు, ఒక రోజంతా పోసిన మూత్రాన్ని డబ్బాలో పట్టించి అందులో సోడియం కొలుస్తారు. మా సర్వేలో ఆ డబ్బాలు లేవు. 'రుచికి తగినంత' అని రాసిన ఫారాలు నా చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో!

అలాగని 'ఏం తిన్నారు' అన్న ప్రశ్న పనికిమాలినదని అనను. సరైన చోట, సరైన టైములో పడితే కత్తిలా పనిచేస్తుంది.

2016 గుర్తుందా? సెప్టెంబరు నుంచి రెండు మూడు నెలల్లో మా ఒడిశాలోనే మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయారు. జ్వరం, ఫిట్లు, కోమా. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, వైరస్ వల్ల వచ్చే ఒక రకం మెదడువాపు. ఆ వైరస్ పందుల్లో పెరిగి దోమల ద్వారా మనుషులకొస్తుంది కాబట్టి పందుల్ని ఊళ్ళకి దూరంగా తోలారు, దోమల మందు కొట్టారు. కొందరు పిల్లల్లో నిజంగానే ఆ వైరస్ దొరికింది. మిగతావాళ్ళ సంగతేమిటి? వెల్లూరు వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ ఆధ్వర్యంలో వచ్చిన నిపుణులు వీళ్ళలో చాలామందిది అసలు మెదడువాపే కాదు, విషం అన్నారు. ఆ విషం ఒడియాలో బణ చాకుండా అనే మొక్కది, మన కసివింద. దాని గింజల్లో ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలుంటాయి, అవి లివర్‌నీ కండరాల్నీ మెదడునీ ఒకేసారి దెబ్బతీస్తాయి.

ఇది వాళ్ళకి ఊరికే తట్టలేదు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 2007లో, పశ్చిమ ఉత్తరప్రదేశ్ లోని బిజ్నోర్ పిల్లల డాక్టరు విపిన్ వశిష్ఠ, ఈ జాకబ్ జాన్ గారు, మరికొందరు కలిసి ఇదే మొక్క గురించి పేపర్లు రాశారు. అక్కడా ఏటా శీతాకాలం ముందు పిల్లలు పోయేవాళ్ళు, అక్కడా అందరూ వైరస్సే అనుకున్నారు. వాళ్ళు జబ్బు పడ్డ పిల్లల ఇళ్ళవాళ్ళనీ, పడని పిల్లల ఇళ్ళవాళ్ళనీ అడిగినవాటిలో ఒక ప్రశ్న: పిల్లాడు ఏం తిన్నాడు? కసివింద కాయలు తిన్నవాళ్ళు పడనివాళ్ళలో కన్నా పడ్డవాళ్ళలో చాలా ఎక్కువని తేలింది. మా వైపు తంటెం ఆకు కూర వండుకుంటారు, కసివింద దాని చుట్టమే. ఆకలేసిన పిల్లాడు పొలం గట్టున కాయ తెంపుకుని నమిలాడంటే తెలియనితనం సగమే కారణం, మిగతా సగం ఇంట్లో ఖాళీ కుండ. ఆ సగానికి ఏ ఫారంలోనూ గడి చూళ్ళేదు నేను.

అక్కడ ప్రశ్నకి జవాబు దొరకడానికి కారణం నాకు తర్వాత అర్థమైంది. తిన్నదానికీ పడిపోయినదానికీ మధ్య రోజులే. తల్లికి గుర్తుంటుంది, మొక్క ఇంకా గట్టు మీదే ఉంటుంది.

ఇటు మా బంధువులుండే ఉద్దానం చూడండి, శ్రీకాకుళం జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మాకు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళే ఊళ్ళు. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పోతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో పనిచేస్తూ నీళ్ళు చాలక అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఎవరూ ఊరికే మాట్లాడలేదు, వచ్చి రక్తాలూ నీళ్ళూ తీసుకెళ్ళినవాళ్ళే. ఏ ఒక్కటీ 'ఇదే' అని ఇప్పటికీ రుజువు కాలేదు. కొందరు పరిశోధకుల్ని తిట్టుకుంటారు, నేనూ తిట్టాను. కానీ కిడ్నీ పనితనం దాదాపు సగం పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) మామూలుగానే కనిపించవచ్చు. రిపోర్టులో అంకె పెరిగే నాటికి అసలు దెబ్బ ఎప్పుడో తగిలేసి ఉంటుంది. అప్పుడు అడగాల్సింది నిన్నటి సంగతి కాదు, ఇరవై ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి. నిన్నటి అంబలే చెప్పలేకపోయిన మామ్మని 1995 గురించి ఏం అడుగుతాం?

అయినా ఊరుకోలేక పోయిన సంక్రాంతికి కవిటిలో మా పెదనాన్నని అడిగాను. వారానికి మూడుసార్లు డయాలిసిస్. "చిన్నప్పుడు ఏ నూతి నీళ్ళు తాగేవాళ్ళు పెదనాన్నా?" అన్నాను. ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఇంటి నుయ్యి ఒకటి, అది పూడ్చేసి గది కట్టారు. జీడితోటలో ఒకటి, ఊరి చివర బోరు, బరంపురంలో పనికెళ్ళిన నాలుగేళ్ళూ అక్కడి కుళాయి. "నూతి నీళ్ళెవడు తాగాడ్రా, దాహమేస్తే బొండాం కొట్టుకోడమే" అన్నాడు చివరికి. ఇప్పుడు పొటాషియం పెరుగుతుందని డాక్టరు కొబ్బరి నీళ్ళు వద్దన్నారు. పెరట్లో పదకొండు చెట్లున్నాయి, కాయలు దింపించి వచ్చినవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. నాకూ ఆరు కట్టించారు.