హెచ్ఎం మారితే బడే మారిపోతుంది

మా జెడ్పీ హైస్కూల్లో ఇద్దరు హెచ్ఎంల దగ్గర పనిచేశాను. బిల్డింగ్ అదే, మేమూ అదే, పిల్లలూ ఆ ఊరి పిల్లలే, కానీ స్టాఫ్ రూమ్ గాలే మారిపోయింది. మొదటాయన దృష్టంతా రిజిస్టర్ల మీదే, క్లాస్ మధ్యలో పిలిచి మధ్యాహ్న భోజనం ఫోటో యాప్‌లో ఎక్కిందా లేదా అని అడిగేవారు, పాఠం ఎలా సాగుతోందని ఒక్కసారీ అడగలేదు, అలా అలా మేమూ సిలబస్ అయిపోతే చాలు అనుకునే స్థితికి వచ్చేశాం. తర్వాత వచ్చిన మేడం నా ఆరో తరగతి లెక్కల క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, బయటికొచ్చాక "భిన్నాలు బాగా చెప్పారు మాస్టారూ, కానీ కిటికీ వైపు పిల్లలు ఒక్కరూ నోరు విప్పలేదు, చూశారా?" అన్నారు. పదకొండేళ్ల సర్వీసులో నా పాఠం గురించి ఒకరు మాట్లాడటం అదే మొదటిసారి, నిజంగా కళ్లు చెమర్చాయి. విద్యా హక్కు చట్టం 2009 సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులు టీచర్లకి వేయకూడదు, అయినా యాప్‌ల పని ఆగదు కదా, ఆ భారాన్ని ఆవిడ వంతులేసి పంచారు, తన వంతు కూడా పెట్టుకుని. ఇప్పుడు లాంగ్ బెల్ కొట్టాక కూడా ముగ్గురు నలుగురం ఆగి రేపటి పాఠం గురించి మాట్లాడుకుంటున్నాం.