పన్నెండు మాటలు, రెండు స్టీలు రేకులు: హార్డ్‌వేర్ వాలెట్ ఎంచుకున్న నా అనుభవం

2024 జూలై 18న మన దేశంలో క్రిప్టో కొని అమ్ముకునే ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, మన లెక్కలో దాదాపు 2000 కోట్ల రూపాయల క్రిప్టో దొంగలు పట్టుకుపోయారన్న వార్త చూసేనాటికి నా డబ్బు అక్కడ లేదు, వేరే యాప్‌లో ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2021 నుంచి నెలనెలా జీతంలో కొంత తీసి బిట్‌కాయిన్ కొంటున్నాను, కొద్దిగా ఈథర్ అనే ఇంకో క్రిప్టో కూడా. అదంతా యాప్‌లో నా పేరు పక్కన ఒక అంకె మాత్రమేనని, అసలు తాళంచెవి ఏనాడూ నా చేతికి రాలేదని ఆ రాత్రే గట్టిగా తట్టింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ కుప్పకూలినప్పుడు ఎక్కడో అమెరికా వాళ్ళ గొడవలే అని వదిలేశాను. ఈసారి వదల్లేకపోయాను.

ఎంతుందో మాత్రం చెప్పను. హార్డ్‌వేర్ వాలెట్ కొనాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది అదే, నీ దగ్గర ఎంతుందో ఎవరికీ చెప్పకు.

ముందు ఒక సంగతి. హార్డ్‌వేర్ వాలెట్ అంటే కాయిన్లు అందులో దాచుకునే పెన్‌డ్రైవ్ అని చాలామంది అనుకుంటారు, కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. కాయిన్లు బ్లాక్‌చెయిన్ మీదే, అంటే అందరూ పంచుకునే లెక్కల పుస్తకం మీదే ఉంటాయి. వాటిని కదిలించే రహస్య తాళంచెవి, ప్రైవేట్ కీ, మాత్రం ఈ చిన్న పరికరంలో ఉంటుంది, డబ్బు పంపడానికి ఆ కీతో చేసే డిజిటల్ సంతకం దాని లోపలే జరుగుతుంది, కీ కంప్యూటర్‌లోకి రాదు. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా సరే, పరికరం తెర మీద చూసి బటన్ నొక్కితేనే డబ్బు కదులుతుంది. పరికరం పోయినా, పగిలినా భయం లేదు, మొదట్లో అది ఇచ్చిన పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లీషు మాటలు మన దగ్గరుంటే కొత్తది కొని అన్నీ తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ మాటలు పోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ మాటలు ఇంకొకడికి దొరికితే పరికరం మన జేబులో ఉన్నా డబ్బు వాడిదే.

ఇది అర్థమయ్యాక కూడా మూడు నెలలు నేను చిప్పుల గురించే చదువుతూ కూర్చున్నాను. ఫ్రాన్స్ వాళ్ళ లెడ్జర్ బాగా పేరున్నది, రహస్యాలు దాచడానికే చేసిన సెక్యూర్ ఎలిమెంట్ అనే ప్రత్యేకమైన చిప్పు మొదటి నుంచీ వాడుతున్నారు. కాకపోతే ఆ చిప్పులో నడిచే కోడ్ మొత్తం బయటివాళ్ళు చూసే వీలు లేదు. 2020లో వాళ్ళ కస్టమర్ల వివరాలు బయటకి పొక్కాయి, 2 లక్షల 70 వేల మందికి పైగా జనం పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు. కీలు పోలేదు, నిజమే. కానీ క్రిప్టో ఉన్నవాడి ఇంటి అడ్రసు దొంగ చేతిలో పడటం చిన్న విషయం కాదు. ఆ తర్వాత కొందరికి అచ్చం అసలు దానిలాగే ఉన్న నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి. 2023 మేలో లెడ్జర్ రికవర్ అని ఒక సర్వీసు ప్రకటించారు, కీని మూడు ముక్కలు చేసి మూడు కంపెనీల దగ్గర పెట్టడం. ఇష్టమున్నవాళ్ళకే అన్నారు గానీ, కీ ఏ రూపంలోనైనా పరికరం దాటి బయటికి రాగలదు అన్న ఆలోచనే నాకు మింగుడు పడలేదు.

చెక్ రిపబ్లిక్ వాళ్ళ ట్రెజర్ 2014లో వచ్చింది, ఈ రకం పరికరాల్లో తొలిది అదే. కోడ్ అంతా ఓపెన్ సోర్సు, ఎవరైనా చూడొచ్చు. దాని పాత మోడళ్ళలో సెక్యూర్ ఎలిమెంట్ లేదు. పరికరం చేతికి దొరికితే పదిహేను నిమిషాల్లో కీ లాగొచ్చని 2020 జనవరిలో క్రాకెన్ అనే ఎక్స్ఛేంజ్ వాళ్ళ భద్రతా ల్యాబ్ చేసి చూపించింది. 2023 అక్టోబరులో వచ్చిన సేఫ్ 3లో ఆ చిప్పు పెట్టారు. కెనడా వాళ్ళ కోల్డ్‌కార్డ్ బిట్‌కాయిన్‌కే పరిమితం, కంప్యూటర్‌కి తగిలించకుండా మెమరీ కార్డుతో పని నడుపుకోవచ్చు. భద్రత మీద పట్టు ఉన్నవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారు. మన గురుగ్రామ్ వాళ్ళ సైఫరాక్ కీని అయిదు భాగాలు చేస్తుంది, ఒకటి పరికరంలో, నాలుగు కార్డుల్లో, ఏ రెండు కలిసినా కీ తయారవుతుంది. మన దేశంలో తయారైన ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది, ఒక వారం పాటు అదే కొందామనుకున్నాను.

ఈ గోలంతా ఎక్సెల్ షీట్‌లో పెట్టి మా ఆవిడకి చూపించాను. తను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్. అంతా ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగింది. "ఏవండీ, రేపు మీకేమైనా అయితే ఇందులో నేను దేన్ని నడపగలను?"

నా షీట్‌లో ఆ కాలమ్ లేదు. మర్నాడు అన్ని కాలమ్‌లూ తీసేసి అదొక్కటే పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

అలా చూస్తే కోల్డ్‌కార్డ్ పక్కకి పోయింది, అది మంచిది కాదని కాదు, నేను పక్కన లేకుండా తను చేయాల్సిన మెట్లు ఎక్కువ. సైఫరాక్ కార్డుల పద్ధతిని వదలడానికి మాత్రం చాలా కష్టమనిపించింది, కానీ ఏ కంపెనీ మూతపడినా మరో కంపెనీ పరికరంలో కొట్టుకుని తెరుచుకోగల మాటలు కంటికి కనబడేలా రేకు మీద ఉండాలని ఇద్దరం అనుకున్నాం, అలా అనుకున్నాక కార్డుల అవసరం తగ్గిపోయింది. చివరికి ట్రెజర్ సేఫ్ 3 అనుకున్నాం. చిన్న తెర, రెండే బటన్లు. చూడగానే, "ఇది నేను నొక్కగలను" అంది మా ఆవిడ.

ఇక కొనడం. ఇక్కడ నాకు ఎదురైంది చెప్పాలి. తొందరపడి ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో, ధర కొంచెం తక్కువుందని, ఎవరో అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టాను. డబ్బా చక్కగా సీలు వేసి వచ్చింది. లోపల ఒక కార్డు ఉంది, గీకితే కనబడేలా ఇరవై నాలుగు మాటలు ముందే అచ్చు వేసి, "మీ రికవరీ మాటలు ఇవే, వీటితో మొదలుపెట్టండి" అని. నా చేతులు చల్లబడ్డాయి. మాటలు ఎప్పుడైనా మన కళ్ళ ముందు, పరికరం తెర మీదే పుట్టాలి. ముందే రాసిచ్చిన మాటలు ఇచ్చినవాడికీ తెలుసు, మనం డబ్బు వేసేదాకా ఆగి ఊడ్చుకుపోతాడు. ఈ మోసం గురించి నేను చదివి ఉండకపోతే నాలుగేళ్ళ పొదుపు ఒక్క పూటలో పోయేది. వాపసు పంపాను, ఫిర్యాదు చేశాను, డబ్బు తిరిగొచ్చింది. పాత సామాన్లు అమ్మే చోట కొన్న ఒక ట్రెజర్‌లో లోపలి చిప్పే మార్చేసి ఉన్న కేసు గురించి 2023లో కంప్యూటర్ భద్రత కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్ళు వివరంగా రాశారు, సీలు, స్టిక్కరు అన్నీ బాగానే ఉన్నాయట. అందుకే కంపెనీ సొంత షాపులో, లేదంటే కంపెనీ తన సైట్‌లో పేరు పెట్టిన అమ్మకందారు దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకండి. వెయ్యి, రెండు వేలు ఆదా కోసం కక్కుర్తి పడే వస్తువు కాదు ఇది.

నాకు దారి దొరికింది మా బావమరిది వల్ల. అతను డాలస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. కంపెనీ షాపు నుంచే తన ఆఫీసు అడ్రసుకి తెప్పించమన్నాను, ఇంటి అడ్రసు వద్దన్నాను. "బావా, ఇంత చిన్న దానికి ఇంత టెన్షనా" అన్నాడు గానీ అలాగే చేశాడు.

2025 జనవరిలో, పండగ హడావిడి అయిపోయాక, ఇద్దరం తలుపు వేసుకుని కూర్చున్నాం. ఫోన్లు పక్క గదిలో పెట్టాం. పరికరం ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, లేకుండా వస్తుంది, కంప్యూటర్‌కి తగిలించాక కంపెనీ యాప్ ద్వారా ఎక్కించాలి, అసలుదో కాదో ఆ యాపే తనిఖీ చేస్తుంది. మాటల విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇప్పుడు ఇరవై మాటల కొత్త పద్ధతి ముందు చూపిస్తుంది, మేం పాత పద్ధతిలో పన్నెండు ఎంచుకున్నాం, ఎందుకంటే దాన్ని దాదాపు అన్ని వాలెట్లూ గుర్తుపడతాయి. పన్నెండు తక్కువేమో అని భయపడే పని లేదు, ఒక్కో మాట 2048 మాటల జాబితాలోంచి వస్తుంది, ఊహించి కనుక్కోవడం ఇప్పుడున్న కంప్యూటర్ల వల్ల కాదు.

ఆ 2048 మాటల జాబితా చూసి మా ఆవిడ, "ఇవి తెలుగులో ఎందుకు లేవు?" అని అడిగింది. ఇంగ్లీషు కాకుండా జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ జాబితాలు ఉన్నాయి, మన దేశ భాష ఒక్కటీ ఆ పట్టికలో లేదు. తనకి అది నిజంగా బాధ కలిగించింది, నాకూ అంతే. పోనీ ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో రాసుకుంటే అమ్మ కూడా చదవగలదు కదా అంది. సరే అని ప్రయత్నిస్తే వెంటనే ఇబ్బంది తెలిసింది. 'రైట్' అని రాశామనుకోండి. కుడి అనే అర్థమున్న రైట్ జాబితాలో ఉంది, రాయడం అనే అర్థమున్న రైట్ కూడా ఉంది. (ఇవి నా మాటలు కావు, ఉదాహరణకి చెప్తున్నాను.) తెలుగులో ఒకేలా రాస్తాం, ఏది నొక్కాలో రేపు ఎవరికి తెలుస్తుంది? కాబట్టి కాగితం మీద ఇంగ్లీషు స్పెల్లింగే రాశాం.

తర్వాత చేసిన పని అన్నిటికంటే ముఖ్యం, దయచేసి ఎవరూ మానకండి. ముందుగా చాలా కొద్ది మొత్తం మాత్రం నా డబ్బున్న పాత యాప్ నుంచి వాలెట్‌కి పంపాను. వాలెట్ అడ్రసు, అంటే డబ్బు చేరాల్సిన పొడవాటి అక్షరాల వరస, కంప్యూటర్ తెర మీద చూసి వదిలేయలేదు, పరికరం తెర మీద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చాను, కాపీ చేసిన అడ్రసుని మధ్యలో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. గంటలోపు వచ్చేసింది. అప్పుడు పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, కాగితం మా ఆవిడ చేతికిచ్చి, "నేను లేననుకో, తిరిగి తెరువు" అన్నాను.

తెరుచుకోలేదు. మాటలు చెల్లవని వచ్చింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పదోతరగతి పేపర్లు దిద్దే మనిషి కదా, కాగితాన్ని దీపం కిందకి జరిపి ఒక్కో మాట చూసుకుంటూ పోయి, ఏడో మాట దగ్గర ఆగి, "ఇది ఎన్ కాదు, ఆర్" అంది. గబగబా రాసిన నా చేతిరాత. ఒక్క అక్షరం మారితే అది కూడా జాబితాలో ఉన్న ఇంకో మాటే అయింది, 'ఫైన్', 'ఫైర్' లాగా. సరిచేసి కొట్టింది. పంపిన మొత్తం తెర మీద కనబడింది. ఇదే పొరపాటు మొత్తం డబ్బు పంపేశాక, నేను లేని రోజున జరిగి ఉంటే?

అందుకే రేకులు. పెళ్ళిళ్ళకి ఇచ్చే స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే కొట్టు మా వీధి చివరే ఉంది, పది నిమిషాల పని, కానీ ఆ కొట్టాయనకి మాటలు చూపించాల్సి వస్తుంది. రాణిగంజ్ వెళ్ళి ఇంగ్లీషు అక్షరాల పంచ్‌ల సెట్టు, రెండు మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు రెండు, ఒక బరువైన సుత్తి కొన్నాను. జాబితాలో ఏ రెండు మాటలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు, కాబట్టి నాలుగేసి పెద్దక్షరాలు కొడితే చాలు. ముందు అల్యూమినియం ముక్క మీద సాధన చేశాను. స్టీలు గట్టిది, ఒకే దెబ్బకి పడాలి, రెండోసారి కొడితే అక్షరం జంటగా పడుతుంది. రెండు ఆదివారాలు పట్టింది. ఈ స్టీలు కరగాలంటే దాదాపు 1400 డిగ్రీలు కావాలి, ఇల్లు కాలినా సాధారణంగా అంత వేడి రాదు. కాగితం కాల్చేశాం. రేకుల మీది మాటలతో మళ్ళీ చెరిపి, మళ్ళీ తెరిచి చూశాం. ఒక రేకు ఒక ఊళ్ళో, రెండోది ఇంకో ఊళ్ళో ఉంది, అంతవరకే చెప్తాను.

మాటలతో పాటు పాస్‌ఫ్రేజ్ అని మనకి నచ్చిన ఇంకో రహస్యం కలుపుకోవచ్చు, రేకు దొంగకి దొరికినా అది లేకుండా డబ్బు దొరకదు. నాకు చాలా ఆశగా ఉండేది. కానీ పాస్‌ఫ్రేజ్ తప్పు కొడితే తప్పు అని చెప్పదు, ఖాళీగా ఉన్న వేరే వాలెట్‌ని తెరుస్తుంది. "మరిచిపోతే తప్పని కూడా చెప్పని తాళం నాకొద్దు" అంది మా ఆవిడ. పెట్టలేదు. పెద్ద మొత్తాలున్నవాళ్ళ లెక్క వేరుగా ఉండొచ్చు.

మొత్తం డబ్బు మార్చే ముందు యాప్ నుంచి 2021 నాటి నుంచీ ఉన్న లావాదేవీలన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. సొంత వాలెట్‌కి మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ రేపు అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను కట్టాలంటే ఎంతకి కొన్నామో రుజువు కావాలి, ఆ యాప్ అప్పటికి ఉంటుందో లేదో. మన దగ్గర కొన్ని యాప్‌లు క్రిప్టోని బయటికి పంపనివ్వవు, కొనక ముందే అది చూసుకోండి.

2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. అక్కడ కూడా సంతకం చేసినవాళ్ళ దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి, కానీ తాము దేనిమీద సంతకం చేస్తున్నారో తెర మీద పూర్తిగా కనబడలేదు. ఆ వార్త చదివాక మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం, పరికరం తెర మీద అర్థం కానిది ఏది వచ్చినా నొక్కకూడదు, కేబుల్ పీకేయాలి.

వచ్చే సంక్రాంతికి రేకు తీసి మళ్ళీ ఒకసారి మొదటి నుంచీ చేస్తుంది మా ఆవిడ. ఈసారి నేను పక్క గదిలో కూర్చుంటాను.