పంటి బిగువున మోసిన ఏడాది

గత డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్.కె. బీచ్‌లో గట్టు మీద కూర్చొని మురీ మిక్చర్ తింటుండగా నా కింది దవడలో ఎడమ వైపు దంతం ఒకటి విరిగింది. పంటి కింద రాయి పడలేదు, గట్టి గింజ ఏదీ తగల్లేదు. మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, కొద్దిగా వేరుశెనగపప్పు, ఇవే ఆ పొట్లంలో ఉన్నవి. నోట్లో ఏదో గరుకుగా తగిలితే తీసి అరచేతిలో పెట్టుకొని చూశాను. బియ్యపు గింజంత తెల్లని ముక్క. 47 ఏళ్ళు వచ్చినా ఒక్క పిప్పి పన్ను కూడా లేని నాకు మరమరాలు తింటే పన్ను విరగడం ఏమిటో ఆ సాయంత్రం ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మర్నాడు సీతమ్మధారలో మా ఇంటికి దగ్గరలో ఉన్న దంతవైద్యురాలి వద్దకు వెళ్ళాను. ఆమె విరిగిన పంటిని ఒకసారి చూసి వదిలేసి, మిగతా నోటిని మాత్రం చాలాసేపు పరీక్షించారు. నాలుక చాపమని, దాని అంచుల వెంట వరుసగా పడిన పళ్ళ ముద్రలను అద్దంలో చూపించారు. బుగ్గ లోపలి వైపు, పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే ఎత్తులో, ఒక తెల్లని గీత ఉంది. కోరపళ్ళ మొనలు అరిగి చదునైపోయాయి. దవడ కండరాల మీద వేళ్ళు ఆనించి పళ్ళు బిగించమన్నప్పుడు నొప్పితో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఉదయం లేచేసరికి కణతలు నొప్పిగా ఉంటున్నాయా మేడమ్?" అని అడిగారు. అవునన్నాను. చేతి తొడుగులు తీసేసి కుర్చీ దగ్గరకు జరుపుకొని, "ఈ ఏడాది ఇంట్లో ఏమైనా జరిగిందా?" అన్నారు. పన్ను చూపించుకోవడానికి వెళ్ళినవాళ్ళను ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారని నేను ఊహించలేదు.

జరిగింది. ఏప్రిల్‌లో నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి అమ్మనూ నాన్ననూ మా ఇంటికే తీసుకొచ్చాను. నేను ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తాను. మావారిది గాజువాక వైపు షిఫ్టుల ఉద్యోగం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నాన్నగారికి స్నానం చేయించి, ఫలహారం పెట్టి, తొమ్మిదికి తరగతిలో నిలబడి, సాయంత్రం ఫిజియోథెరపీ అయ్యేవరకు పక్కన ఉండి, రాత్రి ప్రశ్నపత్రాలు తయారు చేసుకోవడం నా దినచర్య అయింది. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. పొద్దున్నే వచ్చే తలనొప్పి కళ్ళజోడు వల్లనేమోనని అద్దాలు మార్పించుకున్నాను. ఎడమ చెవి పోటు పెడుతోందని చెవి వైద్యుణ్ణి కలిస్తే చెవిలో ఏ లోపమూ లేదన్నారు. దవడ కీలు చెవికి సరిగ్గా ముందే ఉంటుందనీ, కీలు అలసిపోతే ఆ నొప్పి చెవినొప్పిలాగే తోస్తుందనీ ఈ దంతవైద్యురాలు చెప్పేదాకా నాకు తెలియదు.

నిజానికి అసలు సంగతి అమ్మ ఆగస్టులోనే చెప్పింది. మావారు రాత్రి షిఫ్టులో ఉన్న వారంలో నా పక్కన పడుకొని, "రాత్రంతా పళ్ళు కొరుకుతూనే ఉన్నావే అమ్మడూ, కడుపులో పురుగులున్నాయేమో, మందేసుకో" అంది. పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే నులిపురుగులని మన ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకొనే మాట అది. ఆ సంబంధానికి గట్టి రుజువు లేదని వైద్యులు అంటారు. అయినా అమ్మ విన్నది నిజం, కారణం ఒక్కటే వేరు. ఆ మాటను పట్టించుకొని ఆ వారమే వైద్యుణ్ణి కలిసి ఉంటే నా పన్ను దక్కేదేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కష్టాన్ని "పంటి బిగువున" భరించడం అన్న మాటను మనం ఎన్నిసార్లు వాడి ఉంటాము! కోపం వస్తే పళ్ళు పటపట కొరకడం, భయం వేస్తే గొంతు తడారిపోవడం, దుఃఖాన్ని దిగమింగడం. మనసుకు తగిలినది మొదట నోటిలోనే తెలుస్తుందని మన భాషకు ఎప్పటి నుంచో తెలుసు. నేను ఆ మాటలను అలంకారాలనే అనుకున్నాను. నా కోరపళ్ళను అద్దంలో చూసిన తరువాత వాటిని అక్షరాలా నమ్ముతున్నాను.

పై పళ్ళు, కింది పళ్ళు రోజంతా ఒకదాన్నొకటి తాకుతూ ఉండవలసినవి కావు. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తాకి విడిపోవాలి. మిగతా వేళల్లో పెదవులు మూసుకొని ఉన్నా లోపల పళ్ళ మధ్య సన్నని సందు ఉండాలి. మనసు బిగుసుకున్నప్పుడు దవడ కండరాలు కూడా మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. మెలకువలో ఈ అలవాటుకూ ఒత్తిడికీ సంబంధం బాగా స్పష్టం. నిద్రలో పళ్ళు కొరకడానికి ఒత్తిడితోపాటు వేరే కారణాలు కూడా ఉండవచ్చు. గురకతో శ్వాస ఆగే జబ్బు, మద్యం, పొగాకు, అతిగా కాఫీ, కొన్ని రకాల మానసిక చికిత్స మందులు, వంశపారంపర్యం, వీటన్నిటినీ వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. అందుకే దిగులు వల్లనేలే అని తేల్చేసుకొని ఊరుకోవడం కూడా మంచిది కాదు. పంటి పై పొర ఎనామిల్ మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం, కానీ అది ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. నెలల తరబడి రాత్రిళ్ళు రాపిడి పడిన పంటిలో కంటికి కనిపించనంత సన్నని పగుళ్ళు ఏర్పడి, చివరికి ఏ మరమరాలో నములుతుండగా విరిగిపోతుంది.

నా పంటికి క్యాప్ వేశారు. పై పళ్ళకు అచ్చు తీసి రాత్రిపూట పెట్టుకొనే నైట్ గార్డ్ చేయించి ఇచ్చారు. దాన్ని వేడినీళ్ళతో కడిగితే వంకర పోతుందని, చల్లని నీళ్ళే వాడాలని చెప్పారు. అది పళ్ళను రాపిడి నుంచి కాపాడుతుంది కానీ బిగించే అలవాటును మాన్పించదు. పగటి అలవాటును మాన్పించడానికి ఆమె చెప్పిన ఉపాయం నాకు బాగా నచ్చింది. రోజూ కళ్ళబడే చోట్ల ఒక గుర్తు పెట్టుకొని, అది కనిపించినప్పుడల్లా పళ్ళు బిగించి ఉన్నానా అని చూసుకోవాలి, బిగించి ఉంటే పళ్ళు విడదీసి, నాలుక కొసను పై ముందు పళ్ళ వెనుక అంగిలికి మెత్తగా ఆనించి, నెమ్మదిగా ఊపిరి వదలాలి. నేను ఎర్రని స్టిక్కర్ బొట్లు అంటించాను. హాజరు పట్టీ అట్ట మీద ఒకటి, వంటగదిలో పోపుల డబ్బా మీద ఒకటి, నాన్నగారి మందుల పెట్టె మీద ఒకటి. మొదటి రోజు బొట్టు చూసిన ప్రతిసారీ నా పళ్ళు బిగిసే ఉన్నాయి.

గొంతు తడారిపోవడం గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తాకిన రోజు, కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగులుతుంటే పిల్లలను పొదివి పట్టుకొని గోడ మూలన కూర్చున్న నాకు నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆపద వేళ శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతూ లాలాజలాన్ని తగ్గించేస్తుంది. గాలి తగ్గాక ఆ తడి తిరిగి వచ్చింది. దిగులు నెలల తరబడి తిష్ఠ వేసినప్పుడు నోరు తరచుగా పొడిబారుతూనే ఉంటుంది, దిగులుకు వాడే కొన్ని మందులు కూడా లాలాజలాన్ని తగ్గిస్తాయి. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఊరే ఈ లాలాజలమే పళ్ళ మీది ఆమ్లాన్ని కడిగి, కాల్షియాన్ని, ఫాస్ఫేటును పంటికి తిరిగి అందిస్తుంది. నోటిలో పిహెచ్, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత, సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఎండిన నోటితో, అర్ధరాత్రి దాకా మేలుకొని, చక్కెర వేసిన టీ గంట గంటకూ తాగేవారి పళ్ళు ఎందుకు పుచ్చుతాయో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఆ చివరి వాక్యం రాస్తుంటే మా విద్యార్థులే కళ్ళముందు కనిపిస్తున్నారు. ప్రతి ఏడాదీ ఫిబ్రవరి వచ్చేసరికి ఇంటర్ రెండో ఏడాది పిల్లల్లో కొందరు మాట్లాడటానికి ఇబ్బంది పడుతూ కనిపిస్తారు. పెదవి లోపల, నాలుక పక్కన నోటి పూత. హాస్టల్‌కు ఫోన్ చేసిన తల్లులు వేడి చేసిందని చెప్పి మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగమంటారు. వాటితో కొంత ఉపశమనం ఉంటుంది, తప్పులేదు. అయితే నోటి పూతను రేపేవాటిలో మానసిక ఒత్తిడి, నిద్రలేమి కూడా ఉన్నాయి, బి12, ఇనుము, ఫోలేట్ లోపాలు కూడా ఉన్నాయి, కాబట్టి మాటిమాటికీ వచ్చే పిల్లలకు రక్తపరీక్ష చేయించడం మంచిది. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే కదిలించినది 1998లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనం. 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిలి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం రెండుసార్లు చేశారు, వేసవి సెలవుల్లో ఒకసారి, పరీక్షకు మూడు రోజుల ముందు మరొకసారి. పరీక్షల నాటి గాయం మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ పదకొండు మందిలో ఒక్కరికి కూడా అది సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. పదకొండు మంది అంటే చిన్న సంఖ్యే, గణితం చెప్పేదాన్ని కాబట్టి అది నాకు వెంటనే తోచింది. అయినా ఒకే మనిషి, అదే నోరు, అంతే గాయం, మారినది పరీక్ష ఒక్కటే. అది చదివిన తరువాత, పరీక్షల ముందు పిల్లల నిద్రను తగ్గించే ఏ ప్రత్యేక తరగతికీ నేను ఒప్పుకోవడం మానేశాను.

చిగుళ్ళ సంగతి మా అమ్మను చూసి తెలుసుకున్నాను. ఆమెకు 71 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి. నాన్నగారు మంచం పట్టిన దగ్గర నుంచి పళ్ళు తోముకున్నప్పుడల్లా ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారేది, నాకు మాత్రం చెప్పలేదు. ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఎక్కువ కాలం కొనసాగితే రోగనిరోధక శక్తి తీరు తప్పుతుంది. చక్కెర పెరిగితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. అసలే మనసు బాగోలేనివారు తోముకోవడం కూడా అశ్రద్ధ చేస్తారు, గార పేరుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో నెలల తరబడి గడిపిన సైనికులకు చిగుళ్ళు కుళ్ళి, రక్తం కారి, దుర్వాసన వేసే జబ్బు వస్తే దానికి ట్రెంచ్ మౌత్, అంటే కందకపు నోరు, అని పేరు వచ్చింది. భయం, నిద్రలేమి, సిగరెట్లు, నోటి అశుభ్రత, అన్నీ అక్కడ ఒక్కచోట చేరాయి. అమ్మకు చిగుళ్ళ లోపలి దాకా గార తీయించాము, ఇప్పుడు రక్తం కారడం ఆగింది.

ఒత్తిడి తగ్గుతుందని పొగాకును ఆశ్రయించేవారి గురించి మన ఉత్తరాంధ్రలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు మన తీరప్రాంతపు పెద్దవయసు స్త్రీలలో నేటికీ కనిపిస్తుంది, అంగిలి క్యాన్సర్‌కు అది దారి తీస్తుంది. రోజంతా చేపల గంపతో తిరిగి వచ్చి కాసేపు కూర్చొని చుట్ట కాల్చుకొనే ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ నోటిలో ఏ పుండైనా, తెల్లని లేదా ఎర్రని మచ్చ అయినా, రెండు వారాలు దాటినా మానకపోతే దాన్ని వేడికీ దిగులుకూ అంటగట్టి ఆగకూడదు, వెంటనే చూపించుకోవాలి.

నాన్నగారికి కుడి బుగ్గలో స్పర్శ తెలియదు, అన్నం మెతుకులు అక్కడే నిలిచిపోతాయి. తిన్న ప్రతిసారీ వేలికి తడి గుడ్డ చుట్టుకొని ఆ బుగ్గలోంచి వాటిని తీసి, మెత్తని బ్రష్‌తో ఆయన పళ్ళు తోమేదాన్ని, ఆసుపత్రిలో నర్సు నేర్పినట్టే, ఒక్క పూట కూడా తప్పకుండా. ఆ ఏడాదంతా నేను మాత్రం చాలా రాత్రులు తోముకోకుండానే పడుకున్నాను.

మందుల పెట్టె మీద బొట్టు ఎందుకని ఆయన కళ్ళతో అడిగితే ఒకరోజు అంతా వివరంగా చెప్పాను. ఆయనకు మాట రాదు కానీ అర్థమవుతుంది. మొన్న మార్చిలో, ఆయన మంచం పక్కనే కూర్చొని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఎంతసేపయిందో తెలియదు, మంచం మీద చప్పుడైతే తల ఎత్తి చూశాను. నాన్నగారు నన్నే చూస్తూ, ఎడమ చేతిని మెల్లగా ఎత్తి తన దవడ మీద రెండుసార్లు తట్టుకున్నారు. నేను పళ్ళు విడదీశాను.