స్పాండావు బస్సులో చిల్లర

శనివారం సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని బస్సు నడుపుతున్నాను. ఓమ్సీ 2 అనే జర్మన్ గేమ్. 2013లో వచ్చింది, ఇప్పటి గేముల పక్కన పెడితే బొమ్మలు వెలవెలబోతాయి. అయినా నాకు ఇదే ఇష్టం. ఎక్కి తొక్కుకుంటూ పోవడం కుదరదు. ముందు కరెంటు ఆన్ చేయాలి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి, బోర్డు మార్చాలి, టైముకి కదలాలి. ఊరు పశ్చిమ బెర్లిన్ అంచున ఉన్న స్పాండావు, రూటు నంబరు 92, బండి మాన్ కంపెనీ డబుల్ డెక్కర్. 1986 నుంచి 1994 దాకా ఏ ఏడాదైనా పెట్టుకోవచ్చు. బెర్లిన్ గోడ కూలాక రూట్లు కూడా మారతాయి.

నాన్న టీ గ్లాసుతో వెనక వచ్చి నిలబడ్డారు. బెజవాడ సిటీ సర్వీసుల్లో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. స్టీరింగు వంక చూడనే లేదు.

"కండక్టర్ ఏడమ్మా?"

"లేడు నాన్నా. డ్రైవరే టికెట్లు ఇస్తాడు."

"డబుల్ డెక్కర్‌కా? పైవాళ్లకి?"

"అందరూ ముందు తలుపులోంచి ఎక్కుతూనే కొనుక్కోవాలి."

మన దగ్గరా టిమ్ మెషిన్ పెట్టుకుని డ్రైవరే టికెట్ కొట్టే బస్సులున్నాయి కదా అన్నాను. అవి నాన్‌స్టాప్‌లు, ఇది సిటీ బస్సు, ప్రతి స్టాపులో ఎవరో ఒకరు ఎక్కుతారు అన్నారు. పాయింటే.

ఇంతలో ఒక ముసలాయన ఎక్కి డబ్బులు పెట్టాడు. మార్కులు, ఫెనిగ్‌లు, అప్పటి జర్మన్ డబ్బు. నాణేలు ఒక్కోటీ మౌసుతో నొక్కి ఇవ్వాలి. కింద చూస్తే నాలుగు నిమిషాలు లేటు, వెనక ఇంకో ఇద్దరు. టెన్షన్‌లో ఒక నాణెం తక్కువిచ్చాను. ఆయన కదలడే!

"తీసివేత చెయ్యకు," అన్నారు నాన్న. "టికెట్ రేటు దగ్గర మొదలుపెట్టి, వాడిచ్చిన నోటు దాకా పైకి లెక్కపెట్టుకుంటూ రా. ముందు చిన్నవి, తర్వాత పెద్దవి." నోటు కాదు, నాణెం అనబోయి ఊరుకున్నాను. తర్వాతి ఇద్దరికీ అలాగే ఇచ్చాను. తప్పు పోలేదు.

"చిల్లర అయిపోతే?"

"అవదు నాన్నా. ఎంత తీసినా ఉంటుంది."

గ్లాసు టేబుల్ మీద పెట్టేశారు. అయిపోని చిల్లర ఆయనకి మింగుడు పడలేదు. పొద్దున్నే మొదటి ట్రిప్పులో అందరూ పెద్ద నోట్లే తీసేవాళ్లట. ఇవ్వాల్సింది టికెట్ వెనక రాసిచ్చేవారు. దిగేటప్పుడు అడిగి తీసుకునేవాళ్లు కొందరు, మరిచిపోయేవాళ్లు కొందరు. ఒకావిడ మూడు రూపాయల కోసం మర్నాడు అదే టికెట్ పట్టుకుని బెంజి సర్కిల్లో ఎక్కిందట. "ఇచ్చాను. నా రాతే కదా మరి."

ఆయన కథలో పడి నేను రోడ్డు చూడటం మానేశాను.

"హోల్డాన్!"

వీపు మీద చరిచినట్టు అరిచారు. స్టాపు దాటిపోతోంది. బ్రేకు గట్టిగా తొక్కేశాను. బస్సు నిండా జర్మన్లో సణుగుడు.

"ఏమంటున్నారు వాళ్లు?"

"నాకు జర్మన్ రాదు నాన్నా."

"నాకు తెలుస్తోందిలే," అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. తలుపు మూసుకున్నాక మెల్లిగా, "రైట్... రైట్..."